గంట దారి ఎన్ని గంటలు?

ఒకప్పుడు గండిపేట చెరువు చెంత పల్లెటూరుగా వుండిన కోకాపేట నేడు ఆకాశాన్నంటే మేడలకు నెలవు. 2023లో ప్రభుత్వం జరిపిన వేలంలో అక్కడ ఎకరం ధర నూరు కోట్ల రూపాయలను దాటింది. అవుటర్ రింగు రోడ్డు మీద శంషాబాదు విమానాశ్రయం అక్కడికి అరగంట దూరం. శంషాబాదు నుండి గన్నవరానికి విమానంలో గంట. కనుకనే కృష్ణాతీరాన తల్లిని వుంచి కోకాపేటలో కాపురం పెట్టిన ఉద్యోగి, "ఎంత దూరమమ్మా, గంట దారే గదా!" అని ఫోనులో ఓదార్చుతూ వుంటాడు. ఆ మాట అబద్ధం కాదు. కాని లెక్క పూర్తి కాలేదు.

ఈ రెండు విమానాశ్రయాల నడుమ తిన్నని దూరం సుమారు 265 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్లు పోగల విమానం ఆ దూరాన్ని అరగంటకు కొంచెం పైగా దాటవలె. మరి టిక్కెట్టు మీద గంట అని యెందుకు వుంటుంది? విమానం నిలిచిన చోటు నుండి కదలినది మొదలు, గమ్యంలో మళ్ళీ నిలిచేవరకు గల కాలమే అక్కడ ప్రయాణకాలం. రన్‌వే వరకు నేల మీద సాగడం, వంతుకోసం ఆగడం, మెల్లగా పైకెక్కడం, దిగడం అన్నీ అందులో చేరినవే.

ఇక ఇంటి గడప నుండి లెక్కిద్దాం. దారికి, రద్దీకి కలిపి ఒక గంట. ముందుగా చేరి తనిఖీలు ముగించుకొనడానికి రెండు గంటలు. విమానంలో గంట. సామాను అందుకొని గన్నవరం నుండి బెజవాడ చేరడానికి మరొక గంట. మొత్తం అయిదు గంటలు. కారులో పోయినా అయిదారు గంటలే!

అయితే విమానం వ్యర్థమా? కాదు. సుమారు 1,250 కిలోమీటర్ల ఢిల్లీకి విమానం రెండుంబావు గంటలలో చేరుతుంది. రైలుకు ఒక పగలు, ఒక రాత్రి కావలె. నేల మీద పోయే కాలం మాత్రం ఢిల్లీకైనా బెజవాడకైనా ఇంచుమించు ఒక్కటే. దూరం తగ్గినకొద్దీ విమానం వల్ల కలిగే లాభమూ తగ్గుతుంది. ఊరూరా విమానాశ్రయం కోరేవారు ఈ సంగతి గమనించవలె. దగ్గరి పట్టణాలకు ముందు కావలసినది వేగంగా, వేళకు నడిచే రైలు.

ఇంతకంటె పెద్ద నష్టం మరొకటి వున్నది. గంట దారే కదా అనే ధీమాతో ప్రయాణం ఈ వారం కాకపోతే వచ్చేవారానికి వాయిదా పడుతుంది. అర్ధరాత్రి కబురు వచ్చిననాడు గాని ఆ గంట యెన్ని గంటలో తెలియదు.

ఉపాధ్యాయులు కాలం, దూరం, వేగం బోధించేటప్పుడు ఈ లెక్కను గడప నుండి గడప వరకు చేయించడం మంచిది. అది నేర్చిన కుర్రవాడు రేపు పెద్దవాడై, "గంటలో వస్తా" ననడు. "శనివారం పొద్దుననే బయలుదేరి మధ్యాహ్నం భోజనానికి వస్తా" నంటాడు. ఆ తల్లి ఆ వేళకు విస్తరి వేసి వుంచుతుంది.