రెండో మార్కు వేసేదెవరు?

ఎచ్చెర్లలో పీజీ చదువుతున్న మేము మా ఇళ్లలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్లం. మొన్న సెలవుల్లో ఒక మిత్రుడి లాప్‌టాప్‌లో 'అవుట్ ఆఫ్ ది పార్క్ బేస్‌బాల్' అనే ఆట ఆడాం. బేస్‌బాల్ మనకు కొత్తే. ఈ ఆటలో మనం బ్యాటు పట్టం, జట్టును నడుపుతాం. విదేశాల్లో పదహారేళ్ల కుర్రాళ్లను వెతకడానికి స్కౌట్లను పంపాలి. స్కౌటు ఒక్కొక్కరికి రెండు మార్కులు వేస్తాడు. ఒకటి ఈరోజు ఆడే ఆటకు, రెండోది రేపు ఎదగగల ఎత్తుకు. వెతకడానికి డబ్బు తగ్గిస్తే ఆ మార్కులు తప్పుల తడకే.

మన జిల్లాల్లో ఆ రెండో మార్కు వేసేదెవరు?

ఆమదాలవలస అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. అక్క వెంట జాతీయ శిబిరానికి వెళ్లినప్పుడు విదేశీ కోచ్ తరనెంకో కంటపడిందని చెబుతారు. ఆ రోజు అక్క వెంట వెళ్లకపోయి ఉంటే? విజయనగరం జిల్లా కొండవెలగాడ సంగతి వేరు. అక్కడ బరువులెత్తడం ఊరి అలవాటు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచిన మత్స సంతోషిది ఆ ఊరే. చూసే కళ్లు ఊళ్లోనే ఉంటే అదృష్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు.

మా హాస్టల్లో ఒక మిత్రుడుండేవాడు. పరుగులో వాడి దుమ్ము కూడా మాకు అందేది కాదు. కానీ వాడి పరుగును గడియారం పట్టి కొలిచినవారు లేరు. ఇప్పుడు చెన్నైలో సెంట్రింగు పని చేస్తున్నాడు. కష్టపడి బతకడం తప్పు కాదు. వాడెంత వేగమో వాడికే తెలియకపోవడమే మా బాధ.

హాస్టల్ పిల్లల వల్ల ఏమవుతుందనేవారికి జవాబు ఉంది. సాంఘిక సంక్షేమ గురుకులాల్లోంచి పిల్లలను ఎంచి, భువనగిరి కొండ మీద తర్ఫీదు ఇచ్చారు. వారిలో మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పదమూడేళ్లే. వెతికారు కాబట్టి దొరికారు.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు మా మనవి. వార్షికోత్సవానికి వచ్చి శాలువా కప్పించుకుని వెళ్లిపోకండి. ఏడాదికి రెండుసార్లు ఒక స్టాప్‌వాచీ, ఒక టేపు పట్టుకుని రండి. ప్రతి పిల్లవాడి పరుగు, దూకుడు, విసురు ఒక రిజిస్టరులో రాయండి. లెక్కల్లో చురుకైనవాళ్ల పేర్లు, బొమ్మలు బాగా వేసేవాళ్ల పేర్లు కూడా రాయండి. మరుసటి ఏడాది అదే పేజీ తెరిచి, ఎవరు ఎంత ఎదిగారో చూడండి. రెండో మార్కు అక్కడే కనబడుతుంది.

ఒక్క జాగ్రత్త. కంప్యూటర్లో ఎదగని కుర్రాణ్ణి ఒక్క నొక్కుతో జట్టులోంచి తీసేస్తాం. మన తమ్ముణ్ణి అలా తీసేయలేం. ఆట చేజారినా చదువు చేతిలో ఉండేలా చూడాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఆ స్టాప్‌వాచీ కొనడానికి మా స్కాలర్‌షిప్పులోంచి మొదటి వంద మేమే వేస్తున్నాం.