దాచుకోవడానికి చోటు లేని పాట

సంపాదకులకు,

పాప్ బల్లాడ్‌లపై మీ గత సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. చిన్న గది, గుప్పెడు మంది శ్రోతలు ఉంటేనే పాటకు ఆత్మీయత వస్తుందన్న మాట ఒప్పుకోలేను. 2011 ఫిబ్రవరిలో బ్రిట్ అవార్డుల సభలో అడెల్ ‘సమ్‌వన్ లైక్ యూ’ పాడింది లండన్‌లోని ఓటూ అరీనాలో. వేలమంది పట్టే హాలు అది. డాన్సర్లు లేరు, డ్రమ్స్ లేవు. ఒక పియానో, ఒక గొంతు.

రికార్డులోనూ ఉన్నవి ఆ రెండే కదా అనవచ్చు. నిజమే, కానీ స్టూడియోలో నచ్చకపోతే మళ్ళీ పాడొచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. పియానో ఒకే తీరున సాగిపోతుంటే, చరణాన్ని మాట్లాడుతున్నట్టే పాడి, పల్లవికి గొంతును పై స్థాయికి ఎక్కించాలి. అక్కడ జీర వచ్చినా, ఊపిరి చాలకపోయినా కప్పిపుచ్చే వాయిద్యం ఏదీ లేదు. చివరికొచ్చేసరికి ఆమె కళ్ళు చెమర్చాయి. అది నటనేనంటారు వ్యాసకర్త గారు. కావచ్చు, నాకు పట్టింపు లేదు. ఆ గొంతులోని వణుకు మాత్రం నా చెవులకు అబద్ధంగా వినిపించలేదు.

ఆ వెంటనే పాట బ్రిటన్ చార్టులో 47వ స్థానం నుంచి మొదటి స్థానానికి ఎగబాకింది. ఇళ్ళల్లో టీవీ ముందు కూర్చుని విన్నవాళ్ళకూ అది తాకిందనే కదా!

చివర్లో పైనుంచి రాల్చిన ఆ తళుకులు మాత్రం అనవసరమే. వాటి విషయంలో వ్యాసకర్త గారితో నాకు పేచీ లేదు.

– ఒక పాఠకురాలు, కాకినాడ