‘ఫోటో బాగుంది’ అన్నాక

ఫైన్ ఆర్ట్స్ కాలేజీల్లో ఏడాది చివర పెట్టే ప్రదర్శనలకు ఒకసారి వెళ్లి చూడండి. ఒకప్పుడు గోడల నిండా గోదావరి పడవలు, ఎడ్లబండ్లు, బోనమెత్తిన ఆడవాళ్లు ఉండేవారు. ఇప్పుడు వాటి పక్కనే మ్యాన్‌హోల్ అంచున కాళ్లు వేలాడేసి కూర్చున్న మనిషి, డంపింగ్ యార్డులో ప్లాస్టిక్ ఏరుకుంటున్న పిల్ల, పోస్టరుగా మారిన ఒక కాంట్రాక్టు కార్మికురాలి జీతం చీటీ కూడా కనిపిస్తున్నాయి. మనం ముక్కు మూసుకుని దాటిపోయే చోట ఇరవై ఏళ్ల పిల్లలు ఆగుతున్నారు. మరి మనమేం చేస్తున్నాం? ‘ఫోటో బాగుంది’ అంటాం. ఫోన్లోకి ఎక్కించి స్టేటస్ పెట్టుకుంటాం. టీ తాగి ఇంటికొస్తాం.

ఆ పొగడ్త మనకు మనం రాసుకునే విడుదల పత్రం. చూశాం, బాధపడ్డాం, ఇక మన పని అయిపోయిందనుకుంటాం.

ఫోటో ఏం చేయగలదో చూపించినవాడు మన భాషవాడే. బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల దగ్గర, పాకీపని చేసే తెలుగు దళిత కుటుంబంలో పుట్టాడు. 1993లో ఆ పనిని నిషేధిస్తూ చట్టం వచ్చింది. గనుల కాలనీల్లో మాత్రం మనుషులు చేతులతో ఎత్తిపోసే మరుగుదొడ్లు అలాగే ఉన్నాయి. ఉన్నాయంటే గనుల అధికారులు ఒప్పుకోలేదు. ఆయన వాటిని ఫోటోలు తీశాడు, ఉత్తరాలకు జతచేసి పంపాడు, పత్రికల దాకా తీసుకెళ్లాడు. అప్పుడుగానీ కదలిక రాలేదు. ఆ ఫోటోలు ఏ గ్యాలరీ గోడకూ ఎక్కాల్సిన అవసరం లేకపోయింది. లేవన్న మాట అబద్ధమని తేల్చాయి, అది చాలు. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చినప్పుడు తెలుగువాళ్లం గర్వంగా చెప్పుకున్నాం. అప్పటికీ మన ఊళ్లలో మురుగులోకి మనుషులు దిగుతూనే ఉన్నారు.

తమిళనాడులో ఎం. పళనికుమార్ అనే ఫోటోగ్రాఫర్ ఉన్నాడు. మదురైవాడు. అమ్మ చేపలమ్మి పెంచింది. 2017లో దివ్యభారతి పాకీపనివారి మీద తీసిన ‘కక్కూస్’ డాక్యుమెంటరీకి కెమెరా పట్టింది అతనే. మురుగులో చనిపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి, మిగిలినవాళ్ల ముఖాలను ఏళ్ల తరబడి ఫోటోలు తీస్తున్నాడు. వార్తల్లో ‘ఇద్దరు కార్మికుల మృతి’ అని ఒక్క లైను చదివి పేజీ తిప్పేస్తాం కదా, ఆ లైను తర్వాత ఏముంటుందో అతని ఫోటోల్లో ఉంటుంది. 2022లో అతనికి దయానితా సింగ్–పారి ఫోటోగ్రఫీ పురస్కారం ఇచ్చారు.

పేరున్న ఫోటోగ్రాఫరైన ఆ దయానితా సింగ్ కూడా ఒకప్పుడు డిజైన్ విద్యార్థే, అహ్మదాబాద్ ఎన్ఐడీలో. క్లాసు పనిగా మొదలుపెట్టిన తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్ ఫోటోలు 1986లో పుస్తకమయ్యాయి. ఆమె కథలో మన పిల్లలు లైటింగ్ కన్నా ముందు నేర్చుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. 1989లో లండన్ పత్రిక కోసం ఢిల్లీ హిజ్రాలను ఫోటోలు తీయడానికి వెళ్లింది. మోనా అహ్మద్ అనే హిజ్రా ముందు ఒప్పుకుంది. ఫోటోలు లండన్‌లో అచ్చవుతాయని తెలిశాక, అక్కడ మా చుట్టాలున్నారు, వద్దంది. దయానిత ఫిల్ము రోళ్లు తీసి మోనా చేతిలో పెట్టేసింది. ఆ రోజు పోయిన ఫోటోల చోట జీవితకాలపు స్నేహం మొదలైంది. 2001లో ‘మైసెల్ఫ్ మోనా అహ్మద్’ వచ్చినప్పుడు అందులో మోనా సొంత మాటలున్నాయి. అంటే ఫోటోలో ఉన్న మనిషికి ‘వద్దు’ అనే హక్కుంది, తన కథ తాను చెప్పుకునే హక్కుంది. మన కాలేజీల్లో మార్కులేసే గురువులు కంపోజిషన్ గురించి ఎన్నో అడుగుతారు. ‘ఈ ఫోటోలో ఉన్నాయనకు ఇది చూపించావా? ఏమన్నాడు?’ అని కూడా అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు లేని ఫోటో ఎంత బాగున్నా మార్కులు తెగ్గోయాల్సిందే.

ఇక మనుషులు దిగే ఆ గుంతల సంగతి. మురుగు గుంతలో హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుంటుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన. ఎక్కువైతే ముందు ముక్కునే చంపేస్తుంది, వాసన తెలియదు, మనిషి కూలిపోతాడు. కాపాడబోయి రెండోవాడు దిగుతాడు, అతనూ పడిపోతాడు. 2015 నవంబరులో కోళికోడ్‌లో జరిగిందదే. ఆంధ్రప్రదేశ్ నుంచి పొట్టచేత పట్టుకుని వెళ్లిన ఇద్దరు కార్మికులు మ్యాన్‌హోల్లో పడితే, వాళ్లెవరో కూడా తెలియని ఒక ఆటో డ్రైవరు కాపాడటానికి దిగాడు. ముగ్గురూ పోయారు. కేరళ ఇంజినీరింగ్ కుర్రాళ్లు కొందరు ఆ ఘటనకు కదిలి, ‘బ్యాండికూట్’ అనే యంత్రం తయారుచేశారు. 2018లో తిరువనంతపురంలో అది పనిలోకి దిగింది. డిజైన్ అంటే అదీ.

చట్టానికి లోటేం లేదు. పాకీపనిని నిషేధించే 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడం నేరం. మున్సిపాలిటీ దించినా, మీరు దించినా, మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ దించినా సరే. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. చనిపోయిన ఒక్కొక్కరికి పది లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. కేంద్రం లెక్కల్లోనే 2019 నుంచి 2023 దాకా ఈ పనిలో చనిపోయినవారు 377 మంది. ఈ పని చేసేవారిలో నూటికి 90 మందికి పైగా దళితులు, ఆదివాసీలు, వెనుకబడిన కులాలవారని కూడా ప్రభుత్వ వివరాలే చెబుతున్నాయి. ‘ఇప్పుడు కులమెక్కడుంది?’ అని అడిగేవారిని ఒక్కసారి మ్యాన్‌హోల్ మూత దగ్గర నిలబెట్టాలి.

స్వచ్ఛ భారత్ గుర్తునే చూడండి. గాంధీగారి కళ్లజోడు, ఒక అద్దంలో స్వచ్ఛ, ఇంకో అద్దంలో భారత్. డిజైనుగా తెలివైనదే, నోట్ల మీదకీ ఎక్కింది. అందులో చీపురు పట్టిన మనిషి మాత్రం లేడు. శుభ్రంగా ఉన్న రోడ్డు మీద ఆకులు పోయించి ఊడ్చిన నాయకుల ఫోటోలు చూసి నవ్వుకున్నాం. ఆ నాటకంలో మన వంతు ఎంతో లెక్కేసుకోలేదు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మీ అబ్బాయో అమ్మాయో కెమెరా భుజానేసుకుని మురికివాడకు బయల్దేరితే, ‘ఆ కంపులో నీకేం పని, ప్రీ వెడ్డింగ్ షూట్లు చేసుకుంటే నాలుగు డబ్బులొస్తాయి’ అనకండి. తీసుకొచ్చిన ఫోటోలు ముందు ఇంట్లో చూడండి. ప్రదర్శన పెట్టే కాలేజీలు ప్రారంభోత్సవానికి మంత్రినే కాకుండా మున్సిపల్ కమిషనరును, జోనల్ ఇంజినీరును పిలిచి ఆ ఫోటోల ముందు కుర్చీలెయ్యండి. ఆ ఫోటోల్లో ఉన్నవాళ్లకు ముందు వరసలో చోటివ్వండి. పత్రికలు నడిపేవారు ఫోటో కింద ‘కార్మికుడు’ అని రాసి ఊరుకోకుండా, అతని అనుమతితో పేరు రాయండి, అతన్ని దించిన కాంట్రాక్టరు పేరూ రాయండి.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు ఇంకా తేలికైన పని ఒకటుంది. ట్యాంకు నిండినప్పుడు ‘ఐదొందలిస్తే దిగుతాడు’ అని వాచ్‌మన్ ఒక మనిషిని తీసుకొస్తే వద్దనండి. యంత్రంతో ఖాళీ చేయించడానికి 14420 అని హెల్ప్‌లైన్ ఉంది. మీ బ్లాకులో బొమ్మలు నేర్చుకుంటున్న పిల్లలుంటే, ఆ నంబరుతో, చట్టంలోని శిక్షతో ఒక పోస్టరు వేయమనండి. లిఫ్టులో అతికించండి. ఈసారి జనరల్ బాడీ మీటింగులో సెక్రటరీగారి చేత దాన్ని బిగ్గరగా చదివించి, మినిట్స్ పుస్తకంలో అందరి చేతా సంతకాలు పెట్టించండి.