ఇంటి ఖజాంచీకి పన్నెండేళ్లు

ముంబయి కామాటిపుర గల్లీల్లో, వర్లీ, నాయిగావ్ బీడీడీ చాళ్లలో ఉంటున్న తెలుగువాళ్లంతా ఒక్కసారి ఇంట్లో ఫోను సంగతి చూసుకోండి. జీతం పడే ఖాతా నాయిన పేరు మీద ఉంటుంది. దానికి లింకైన ఫోను అమ్మ దగ్గరుంటుంది. ఇంగ్లీషులో మెసేజి వచ్చిందంటే మాత్రం "బిడ్డా, ఏం రాసిండో చూడు" అంటూ ఆ ఫోను ఏడో తరగతి పిల్ల చేతికి వెళ్తుంది. పిన్ను నొక్కేది ఆ పిల్లే, ఓటీపీ చదివేదీ ఆ పిల్లే. మోసగాడు వెతుక్కునేది సరిగ్గా ఇలాంటి ఇంటినే.

నిజాం ఇలాకా నుంచి కూలికొచ్చి ఈ నగరం గోడలు లేపిన కామాటీల పేరే కామాటిపురకు మిగిలింది. వాళ్ల చేత వేలిముద్ర వేయించుకున్న మేస్త్రీ కనీసం ఎదురుగా నిలబడేవాడు. ఇప్పటి మోసగాడి మొహం ఎవరికీ కనిపించదు.

బడి చూసుకుంటుందిలే అనుకోవద్దు. ముంబయి మున్సిపాలిటీ 8 భాషల్లో బడులు నడుపుతోంది, అందులో తెలుగూ ఉంది. 2015లో ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాలు నింపిన ట్యాబులూ పంచింది. మంచిదే. కానీ ట్యాబు పంచడం సులువైన పని. వచ్చిన మెసేజి నిజమా, బూటకమా అని తేల్చుకోవడం నేర్పడమే కష్టం, ఆ పాఠం తెలుగులో చెప్పేవాళ్లేరి? పల్లెల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లల మీద జరిగిన 2023 అసర్ సర్వేలో, సోషల్ మీడియా వాడేవాళ్లలో దాదాపు సగం మందికే భద్రతా సెట్టింగుల సంగతి తెలుసని తేలింది. బొంబాయి పిల్లలు గడుసువాళ్లని మనం మురిసిపోనక్కర్లేదు. వేలు చురుగ్గా కదిలినంత మాత్రాన తెలివి ఉన్నట్టు కాదు.

మోసం ఎలా మొదలవుతుందో చూడండి. వాట్సాప్‌లో పెళ్లిపత్రిక వస్తుంది. మన దగ్గర పెళ్లిళ్లకు కొదవా? ఎవరిదో చూద్దామని పిల్ల నొక్కుతుంది. ఫైలు పేరు చివర 'ఏపీకే' అని ఉందంటే అది పత్రిక కాదు, యాప్. ఇన్‌స్టాల్ కాగానే మెసేజిలు చదవడానికి అనుమతి అడుగుతుంది. 'అలో' నొక్కితే అంతే! ఆపైన ఓటీపీ ఎవరూ చదివి వినిపించనక్కర్లేదు, నేరుగా వాడికే చేరిపోతుంది. స్కాలర్‌షిప్ పేరుతో వచ్చే లింకులూ ఇలాంటివే. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్లో దరఖాస్తుకు ఫీజు లేదు, కాబట్టి దాని పేరు చెప్పి ముందు డబ్బు కట్టమన్నవాడు దొంగే. ఇంకొక మాట: మనకు డబ్బు రావడానికి పిన్ను నొక్కే పనే లేదు. క్యూఆర్ స్కాన్ చేసి పిన్ను కొట్టమంటే, పోయేది మన డబ్బే.

కాలేజీ పిల్లలున్న ఇళ్లవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. "నీ బ్యాంకు అకౌంటు కొన్నాళ్లు ఇవ్వు, కమీషన్ ఇస్తా" అంటారు. దోచుకున్న సొమ్ము ఆ ఖాతాలోంచి దాటిపోతుంది. పోలీసులు వచ్చేది మాత్రం ఖాతా ఎవరి పేరు మీదుందో వాళ్ల ఖోలీకే.

అసలు ముప్పు మోసం జరిగిన తర్వాత మొదలవుతుంది. తంతారన్న భయంతో పిల్ల రెండు రోజులు నోరు విప్పదు. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఓటీపీ మనమే చెప్పేసిన కేసుల్లో బ్యాంకుకు తెలియజేసేదాకా పోయింది మన నెత్తినే. తెలియజేశాక జరిగే నష్టం బ్యాంకుది. అంటే మనం వేసే దెబ్బలే పిల్ల నోరు మూయించి, ఆ రెండు రోజులూ ఖాతాను దొంగకు తెరిచి పెడతాయి. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి వెంటనే ఫోన్ చేస్తే, సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారిపోకముందే ఆపే అవకాశముంది.

సంఘాల పెద్దలకు ఒక విన్నపం. బతుకమ్మకూ గణపతికీ డీజే పెట్టించే చేత్తోనే, తల్లుల్నీ పిల్లల్నీ పక్కపక్కనే కూచోబెట్టి, వాళ్ల ఫోన్లమీదే, తెలుగులో ఇవన్నీ చెప్పించండి. ఖర్చు ఏమంత ఉండదు. ప్రతి ఖోలీ తలుపు వెనక 1930 అని పెద్దంకెల్లో రాయించండి.

తల్లిదండ్రులారా, డబ్బు పోయిందని తెలిస్తే ముందు 1930కి, తర్వాత బ్యాంకుకు ఫోన్ చేయండి. పిల్లమీద మాత్రం చెయ్యెత్తకండి.