పెద్ద చెక్కు, చిన్న చందా

అమెరికా కోటీశ్వరుల ధర్మనిధులకు ఉత్తరాలు రాసి మన ఆసుపత్రిలో నవజాత శిశువుల విభాగం కట్టించుకుందామని సంఘ పెద్దలు కొందరు అంటున్నారు. మంచి ఆలోచనే. నెలలు నిండని బిడ్డను ఒళ్లో పెట్టుకొని తుని నుంచి కాకినాడకు అంబులెన్సులో వెళ్లే సిస్టర్లకు ఆ అవసరం వేరే చెప్పనక్కరలేదు. అయితే ఆ ఉత్తరం రాసేముందు మా నర్సింగ్ సిబ్బంది మాట కూడా వినాలని కోరుతున్నాము.

ధనవంతుల సొమ్ము మిషను సంస్థలకు కొత్త కాదు. స్టాండర్డ్ ఆయిల్ అధిపతి జాన్ డి. రాక్‌ఫెల్లర్ బాప్టిస్టు సంఘస్థుడు. పోటీ కంపెనీలను అణగదొక్కి ఆస్తి కూడబెట్టాడని ఆయనకు చెడ్డపేరు ఉండేది. 1905లో ఒక మిషను బోర్డుకు లక్ష డాలర్లు ఇస్తే అది మైలపడిన సొమ్మని కొందరు పాస్టర్లు అభ్యంతరం చెప్పారు. తీరా చూస్తే ఆ బోర్డువారే వెళ్లి అడిగి తెచ్చుకున్నారని తేలింది! ఆ కంపెనీ కిరసనాయిలు మన దేశంలోనూ అమ్ముడయ్యేది గనుక, ఆ డాలర్లలో మన తాతల బుడ్డిదీపాల కాసులూ కొన్ని ఉండే ఉంటాయి.

ఆయన భార్య లారా జ్ఞాపకార్థం 1918లో ఏర్పడిన నిధి, ఆసియాలోని ఏడు స్త్రీల కళాశాలలకు పది లక్షల డాలర్లు ఇస్తామని ముందుకు వచ్చింది. డాక్టర్ ఐడా స్కడర్ అదే 1918లో వేలూరులో ప్రారంభించిన స్త్రీల వైద్య పాఠశాల ఆ ఏడింటిలో ఒకటి. షరతు ఏమంటే, గడువులోగా సంఘ స్త్రీలు ఇరవై లక్షలు పోగుచేయాలి. లూసీ పీబాడీ గారి నాయకత్వంలో అమెరికా స్త్రీలు చందాలు ఎత్తి ఆ మొత్తం పూర్తి చేశారు. ఈనాడు మన జిల్లాల నుంచి జనం రైలెక్కి వెళ్లే వేలూరు సి.ఎం.సి. వెనుక ఆ పెద్ద చెక్కు ఉంది, దానికి రెట్టింపు చిన్న చందాలూ ఉన్నాయి. 1874లో కాకినాడలో మొదలైన కెనడా బాప్టిస్టు మిషను కూడా అక్కడి సంఘ స్త్రీల చిన్న కానుకల ఆసరాతోనే మన ప్రాంతంలో పనిచేసింది.

మరొక సంగతి ఖమ్మం జిల్లాది. 2009లో గేట్స్ ఫౌండేషన్ సొమ్ముతో, పాత్ అనే సంస్థ ద్వారా, సుమారు 14 వేలమంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకా వేశారు. కొందరు బాలికలు చనిపోవడంతో 2010లో ఆ కార్యక్రమం ఆగింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. టీకా మంచిదే, మేము దాన్ని సమర్థిస్తాము. కానీ హాస్టల్ పిల్లల తరఫున తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటు సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. సూది వేసే మా చేతులకు ఇది చిన్న విషయం కాదు.

అందుచేత ఆ ఉత్తరంలో మన షరతులు కూడా ఉండాలి. దాత పేరు గోడమీద చెక్కించండి, అభ్యంతరం లేదు. కానీ మూడు షిఫ్టులకూ శిక్షణ పొందిన సిస్టర్లు లేకపోతే వార్మర్లు గుడ్డ కప్పుకొని కూర్చుంటాయి. వారి జీతాలు, కరెంటు బిల్లు, మరమ్మతులు మొదటి రెండు మూడేళ్లు గడిచాక ఎవరు భరిస్తారో ముందే కాగితం మీద పెట్టాలి. బిడ్డకు ఏ కొత్త చికిత్స చేసినా, దాతకు పంపేందుకు ఫోటో తీసినా, తల్లికి తెలుగులో చెప్పి ఒప్పించాకే. మన వంతుగా తుని, పాయకరావుపేట, కోటనందూరు సంఘాల్లో నెలకు ఇంటికి ఇరవై రూపాయల చందా మొదలుపెడదాం. రసీదు పుస్తకాలు మేమే అచ్చు వేయించి వచ్చే కమిటీ సమావేశానికి తెస్తాము.