తెగిన లైను ఎవరి తప్పు?

విజయవాడ వించిపేటలో ఒక ఆటో డ్రైవరు ఇంటిని ఊహించండి. ఇంటికంతటికీ ఒకటే స్మార్ట్‌ఫోను. పగలంతా అది తండ్రి జేబులో తిరుగుతుంది. రాత్రి ఏడింటికి కూతురి చేతికి వచ్చేసరికి ఆనాటి డేటాలో సగం ఖర్చయిపోయి ఉంటుంది. డీఎస్సీ ఆన్‌లైన్ తరగతిలో లెక్క సగంలో ఉండగా తెర స్తంభిస్తుంది. ఆమె తిరిగి చేరేలోగా సందేహాల సమయం ముగుస్తుంది. హాజరు పట్టీలో గైర్హాజరు పడుతుంది. దీనికి మనం 'సిగ్నల్ సమస్య' అని పేరు పెట్టి ఊరుకుంటున్నాం. అసలు పేరు విద్యాహక్కు నిరాకరణ.

2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో నూటికి 24 కుటుంబాలకే ఇంటర్నెట్ సదుపాయం ఉంది, గ్రామాల్లో 15కే. ఆ తరువాత ఫోన్లు పెరిగిన మాట నిజమే. కానీ ఇంటికొక ఫోను ఉండటం వేరు, చదివే బిడ్డకొక ఫోను ఉండటం వేరు. స్తోమత గలవారు అవనిగడ్డ వెళ్లి, గది అద్దెకు తీసుకుని డీఎస్సీకి చదువుతారు. ఆ స్తోమత లేని ఇంటి ఆడపిల్లకు ఆన్‌లైనే గతి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేటలను ముంచినప్పుడు ఆ గతి కూడా లేకపోయింది.

2007లో చట్టమైన నాలుగు శాతం రిజర్వేషన్ తలుపు తెరిచింది. ఆ తలుపు దాకా నడిపించేది శిక్షణే. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు, పరీక్ష కంప్యూటరుపైనే. సగం విన్న పాఠాలతో ఆ పోటీలో నిలవడం ఎలా?

2019 సెప్టెంబరు 19న కేరళ హైకోర్టు ఫహీమా షిరీన్ కేసులో, ఇంటర్నెట్ పొందే హక్కు విద్యాహక్కులోనూ, గోప్యతా హక్కులోనూ భాగమని తీర్పు చెప్పింది. హాస్టలులో ఫోన్లపై విధించిన ఆంక్షను ఎదిరించిన ఒక విద్యార్థిని గెలిచిన తీర్పు అది. మన రాష్ట్ర న్యాయస్థానాలు దానికి కట్టుబడి తీరాలని లేదు. కానీ మన వాదనకు అది గట్టి ఆధారం.

అందుచేత శిక్షణ సంస్థలను అడుగుదాం: ప్రతి పాఠం రికార్డు ఆ రాత్రికే అందాలి. తక్కువ డేటాతో వినగలిగే ఆడియో ప్రతి, నోట్సు దానితో రావాలి. సందేహాలకు మామూలు ఫోను కాల్ వేళ ఉండాలి. లైను తెగితే గైర్హాజరు వేయరాదు. ప్రభుత్వాన్ని అడుగుదాం: నెలకు 149 రూపాయలకే ఇంటింటికీ అంటూ 2017 డిసెంబరులో ఫైబర్‌నెట్‌ను ఆర్భాటంగా ప్రారంభించారు, ఉర్దూ పాఠశాలలకు, మైనారిటీ హాస్టళ్లకు ఆ తీగ ఉచితంగా లాగండి. కనెక్షను ఇవ్వని ఉచిత కోచింగ్ ప్రకటన కాగితానికే పరిమితం.

ఇక మనల్ని మనం అడుగుదాం. పెళ్లిళ్లు లేని రోజుల్లో మన షాదీఖానాలు తాళాలు వేసి ఉంటాయి. గోడలకు పాలరాయి తాపడానికి చందాలు దొరుకుతున్నాయి. ఒక ఫైబర్ కనెక్షనుకు, నాలుగు కంప్యూటర్లకు, కరెంటు పోతే నిలబెట్టే ఒక ఇన్వర్టరుకు దొరకవా? ఆడపిల్లలకు ప్రత్యేక వేళలు కేటాయించడం అసాధ్యమా? సర్కారు స్పందించే దాకా ఆగితే ఈలోగా మరో నోటిఫికేషన్ గడిచిపోతుంది.

వచ్చే జుమా నమాజు ముగిశాక మీ మస్జిద్ కమిటీ పెద్దలను ఒక్క ప్రశ్న అడగండి: మన షాదీఖానా తాళం మన పిల్లల చదువుకు ఏ రోజు నుంచి తెరుస్తారు?