బడి నుంచి కబురొస్తే భయమెందుకు?

వైజాగ్‌లో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు గట్టి ఆదేశాలే ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో అర్హత గల కౌన్సెలర్ ఉండాల్సిందేనంది. అక్కడ కోర్టు చెప్పాల్సి వచ్చిన ఆసరా, ఆస్ట్రేలియాలో మన పిల్లలకు చాలా బడుల్లో ఇప్పటికే అందుబాటులో ఉంది. మనం వాడుకుంటున్నామా అన్నదే ప్రశ్న.

2013-14లో జరిగిన 'యంగ్ మైండ్స్ మ్యాటర్' సర్వేలో 4 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. అంటే 25 మంది ఉన్న క్లాసులో ముగ్గురో నలుగురో. పిల్లల మనసును కనిపెట్టడంలో టీచర్లకు శిక్షణ ఇచ్చే 'బీ యూ' కార్యక్రమం 2018లో దేశమంతటా మొదలైంది. విక్టోరియా ఇంకో అడుగు ముందుకేసింది. 2020లో 10 ప్రైమరీ స్కూళ్లలో 'మెంటల్ హెల్త్ అండ్ వెల్‌బీయింగ్ లీడర్'ను పెట్టి చూసి, 2023 నుంచి దశలవారీగా రాష్ట్రమంతటా విస్తరించింది.

ఈ లీడర్ డాక్టరూ కాదు, సైకాలజిస్టూ కాదు. టీచరే. జబ్బు పేరు పెట్టరు, మందులివ్వరు. దిగులును గుర్తించడం తోటి టీచర్లకు నేర్పుతారు. అవసరమైతే బయట సాయానికి దారి చూపిస్తారు.

చిక్కంతా మన దగ్గరే. 'మానసికం' అనగానే మనకు 'పిచ్చి' అనే మాటే ముందు తడుతుంది. 'నలుగురికీ తెలిస్తే ఎలా, రికార్డుల్లోకెక్కితే ఎలా' అని జంకుతాం. 'ఇంట్లో బాగానే ఉంటాడండీ' అని టీచర్‌కు సర్దిచెప్పి వచ్చేస్తాం. సెలెక్టివ్ స్కూల్ కోచింగ్‌కు మాత్రం వారాంతాలు ధారపోస్తాం. ఊళ్లో అయితే అలిగిన పిల్లాడు అమ్మమ్మ ఒడిలో చేరేవాడు. ఇక్కడ అమ్మమ్మ ఫోన్‌లో ఉంటుంది, అమ్మానాన్న డ్యూటీలో ఉంటారు. రోజులో ఎక్కువసేపు వాణ్ని చూసేది టీచరే. ఆ టీచర్ మాట కొట్టిపారేస్తే, వాడి గోడు వినేవారెవరు?

కొత్త టర్మ్ మొదలవగానే మీ స్కూల్లో ఈ బాధ్యత ఎవరిదో కనుక్కోండి. ఇంగ్లిషు ఇబ్బందైతే దుబాసీ కావాలని అడగండి. 5 నుంచి 25 ఏళ్ల వారి కోసం రాత్రీపగలూ ఉచితంగా పలికే కిడ్స్ హెల్ప్‌లైన్ నంబరు 1800 55 1800 పిల్లలకు తెలియనివ్వండి. పేరెంట్-టీచర్ మీటింగ్‌లో మార్కులతో పాటు 'మావాడు సంతోషంగా ఉంటున్నాడా?' అని కూడా ఒక మాట అడగండి.